ఎదురుబరువు

ఇరవై టన్నుల బొగ్గు
రెండు వేళ్ళతో లేపేవాణ్ణి.
లివరు మీద చెయ్యి ఆనిస్తే చాలు
ఓడ కడుపులోంచి గ్రాబు నోరు మూసుకుని పైకొచ్చేది.
కింద మనుషులు పసుపు టోపీలు,
ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ,
క్యాబిన్ కిటికీ అంచున నా టీ గ్లాసు.

ఇప్పుడు టీ గ్లాసు లేవదు.

కేజీహెచ్‌లో డాక్టరమ్మ
నా రెండు చేతులూ బల్ల మీద పెట్టించి
"లేపండి" అంది.
లేపాను.
లేపుతున్నాననే అనుకున్నాను.
ఆవిడ చాలాసేపు ఎదురుచూసి
కాగితం మీద ఏదో రాసుకుంది.

వేళ్ళు బాగానే ఉన్నాయి, అదే చిత్రం.
రూపాయి బిళ్ళ పట్టుకుంటాయి, మర తిప్పుతాయి.
భుజమూ మోచెయ్యే
కరెంటు పోయిన జెట్టీలా ఆగిపోయాయి.
కంచం ఉంది, నోరుంది,
మధ్యలో మూరెడు ఎత్తు.
సింహాచలం మెట్లన్నీ ఎక్కుతాను గానీ
ఆ మూరెడూ ఎక్కలేను.

అప్పలకొండ తినిపిస్తుంది.
విసుగు లేదు, కోపం లేదు,
కానీ ఆమె ముద్ద ఆమె కొలత.
చేపముల్లు నా వేలే ఏరాలనిపిస్తుంది నాకు.
చెప్పలేదు.
చెబితే అదొక బరువు.

మల్కాపురంలో మా వెనకింటి పిల్ల నూకరత్నం,
ఐటీఐ ఫిట్టరు, షిప్‌యార్డులో అప్రెంటిసు,
ఒక ఆదివారం టేపు పట్టుకొచ్చింది.
"మావయ్యా, నీ చెయ్యి ఎంత బరువుంటాదేటి?"
ఇన్నేళ్ళలో ఎవరూ అడగని లెక్క.
కూరల కొట్టు కాటా తెచ్చి
చేతిని దాని మీద పడుకోబెట్టింది.
మూడు కిలోల రెండొందలు.
ఇంతేనా!
ఇంతకా నేను ఓడిపోయింది!

ఆటోనగర్ తుక్కులోంచి రెండు స్ప్రింగులు,
పాత సీలింగు ఫేను బేరింగు,
సైకిలు చట్రం కోసిన గొట్టాలు,
మోచెయ్యి ఆనడానికి దోనెలా వంచిన రేకు,
రేకులో వాళ్ళమ్మ దుప్పటి ముక్క.
కుర్చీకి బిగించి
"వదిలీ మావయ్యా" అంది.

వదిలాను.
చెయ్యి ఒక్క ఉదుటున గాల్లోకి లేచి
జవాబు తెలిసిన బడిపిల్లాడిలా
నిలబడిపోయింది. దిగదు!
అప్పలకొండ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
నూకరత్నం మొహం మాడిపోయింది.
నాకు మాత్రం
మూడేళ్ళ తరవాత క్యాబిన్ ఎక్కినట్టు
గొంతు దానంతటదే మారింది.

"స్ప్రింగు ఎక్కువైంది పిల్లా.
క్రేను లేపేది ఇంజనొక్కటే అనుకోకు,
సగం పని వెనక కట్టిన బరువుది.
చెయ్యి చాచితే ఒక లెక్క, ముడిస్తే ఒక లెక్క.
ఆ కొక్కెం రెండంగుళాలు వెనక్కి జరుపు.
ఇంకొంచెం. ఆగు. ఇంకొక్క చుట్టు."
ఒకప్పుడు కిందవాడు చేత్తో చూపించిన సైగలన్నీ
నేను నోటితో చేశాను.

అలా నాలుగు ఆదివారాలు.
ఒకసారి స్ప్రింగు తెగి క్యాలెండరు చిరిగింది.

ఐదో ఆదివారం చెయ్యి
లేవలేదు, పడలేదు.
పోటు తిరగబోయే ముందు చానల్లో నీళ్ళలా
ఊరికే నిలిచింది.
ఊపిరంత తోపుకి పైకి,
మనసు మార్చుకుంటే కిందకి.

కంచంలో వంజరం పులుసు.
అందరి చూపూ కంచం మీదే.
నేను వేలు తీసుకెళ్ళి
ముక్కు గోక్కున్నాను.

నవ్వకండి.
మూడేళ్ళ దురద అది.
రాత్రి రెండింటికి వస్తుంది.
అందుకోసం పక్కన పడుకున్న మనిషిని
లేపుతారా ఎవరైనా?
గోడకి రుద్దుకున్నాను, తలగడకి రుద్దుకున్నాను,
ఆ కొండముక్కుని గోకడానికి
సముద్రమైనా ఉంది కదా అని
చీకట్లో కుళ్ళుకున్నాను.

తరవాతే ముద్ద.
నాలుగు మెతుకులు లుంగీ మీద పడ్డాయి.
ముల్లు నేనే తీశాను.

ఈమధ్య బేరింగు కీచుమంటోంది, నూనె వెయ్యాలి.
పడుకునే ముందు పట్టీ విప్పేస్తుంది అప్పలకొండ,
చెయ్యి మళ్ళీ మూడు కిలోల రెండొందలు.
దురద రెండింటికి వస్తుంది, డ్యూటీ మారినట్టు.
మంచానికీ ఒకటి చేస్తానని
కొలతలు రాసుకెళ్ళింది నూకరత్నం.

మెలకువగా వింటుంటాను.
దూరంగా పోర్టులో నా క్రేను మీద ఎవడో కుర్రాడు
గ్రాబు కాస్త ముందే వదిలేశాడు.
చప్పుడు చెబుతుంది.